నచ్చిన చోట చుక్క అంటించండి

గొయ్యి లేని వీధిలో కాపురం ఉంటున్న వాళ్లందరికీ ముందుగా నా ప్రగాఢ సానుభూతి!

ఏం చేస్తారు పాపం! పొద్దున్నే లేస్తారు, తలుపు తీస్తారు, ఎదురుగా రోడ్డు ఉంటుంది. రోజూ అదే రోడ్డు, అదే చోట. అందులో ఓ ఉత్కంఠ ఉందా, ఓ మలుపు ఉందా? మా వీధిలో అలా కాదు. నిన్న సాయంత్రం మీరు నడిచొచ్చిన దారి ఇవాళ పొద్దుటికి ఉంటుందన్న గ్యారంటీ లేదు. బతుకు మీద ఆసక్తి నిలబడాలంటే మనిషికి ఆ మాత్రం అనిశ్చితి ఉండాలన్నది నా నిశ్చితాభిప్రాయం.

విషయమేమిటంటే, మా వీధి కింద లోకల్ రైలు స్టేషన్ కడుతున్నారు. అవును, కిందే! ఊరి నడిబొడ్డు నుంచి శివార్ల దాకా పోయే రైలు మా కాళ్ల కింద ఆగుతుందట. ఎప్పటికి పూర్తవుతుందని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్న మా వీధిలో మొదట అడిగిన పెద్దమనిషి అప్పటికి ఉద్యోగంలో ఉన్నాడు. ఇప్పుడు మనవణ్ని ఎత్తుకుని అదే ప్రశ్న అడుగుతున్నాడు. మనవడికి మాటలొచ్చాక ఆ బాధ్యత వాడికి అప్పగిస్తాడని మా నమ్మకం.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అని పెద్దలు భయపెట్టేవారు. మాకు అలాంటి డోలాయమాన పరిస్థితి లేదు. ముందూ గొయ్యే, వెనకా గొయ్యే. ఎటు పోవాలా అని బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

ఇక దానివల్ల కలిగిన లాభాలు చెప్పమంటారా?

ఆరోగ్యం! ఎదురుగా ఉన్న కొట్లో బ్రెడ్డు కొనాలంటే ఒకప్పుడు రోడ్డు దాటితే సరిపోయేది. ఇప్పుడు రేకుల గోడ వెంబడి ఆ చివరిదాకా నడిచి, పైప్‌లైన్ మీద వేసిన చెక్క ఎక్కి దిగి, మళ్లీ ఈ చివరిదాకా రావాలి. వచ్చేసరికి ఆకలి రెట్టింపవుతుంది. తెచ్చిన బ్రెడ్డు చాలక మళ్లీ బయల్దేరాలి. డాక్టర్లు వాకింగ్ చేయండి మొర్రో అంటే వినని బద్ధకస్తులంతా మా వీధిలో పుల్లల్లా తయారయ్యారు!

మా కింది వాటాలో ఓ పళ్ల డాక్టరు ఉన్నాడు. ఆయన ప్రాక్టీసు మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతోంది. బయట యంత్రం నేలను తొలిచేటప్పుడు భవనమంతా గజగజలాడుతుంది కదా, ఆ ఊపులో ఏ డ్రిల్లు తన నోట్లో తిరుగుతోందో, ఏది వీధిలో తిరుగుతోందో రోగికి తెలియదట. రోగులు భయపడటమే మానేశారట!

దాంపత్యం మాత్రం? మా ఆవిడ ఏదో అంటుంది, నాకు వినపడదు. నేనేదో అంటాను, ఆవిడకు వినపడదు. ఇద్దరం తలలూపుతాం. ఇంత ఏకాభిప్రాయం మా పెళ్లయిన కొత్తలో కూడా లేదు.

చుట్టాల సంగతి సరేసరి. మొన్నామధ్య మా మామగారు మమ్మల్ని చూడాలని బయల్దేరారు. రేకుల చుట్టూ ప్రదక్షిణాలు చేసి, దారి దొరక్క అవతలి వైపు నుంచి ఫోన్ చేశారు. మేం మేడ మీదికెక్కి చెయ్యి ఊపాం. ఆయనా చెయ్యి ఊపారు. "అందరూ బాగున్నారా?" "బాగున్నాం!" అయిపోయింది. ఆయనకు అల్లుడి మొహం దగ్గర్నుంచి చూసే బాధ తప్పింది, నాకు ఆయన ఉపన్యాసం తప్పింది. ఇటువంటి సదుపాయం ప్రభుత్వం వారు ఇంటింటికీ కల్పిస్తే ఎన్ని కాపురాలు నిలబడతాయో!

అయితే గొయ్యి కన్నా గొప్పది గొయ్యి చుట్టూ ఉన్న రేకుల గోడ. ఆ గోడ నిండా బొమ్మలు. స్టేషన్ పూర్తయ్యాక మా పేట ఎలా ఉంటుందో వేసిన బొమ్మలవి. ఆహా! చెట్లు, పూలకుండీలు, గాజు మేడలు, నీళ్లు చిమ్మే ఫౌంటెన్లు. సైకిళ్ల మీద నవ్వుతూ పోయే యువతీయువకులు. ఒక్కరికీ చెమట పట్టలేదు. ఒక్కరి చేతిలో కూరగాయల సంచీ లేదు. ఒక్కరికీ మోకాళ్ల నొప్పులు ఉన్నట్టు లేవు.

మేం సకుటుంబంగా వెళ్లి ఆ బొమ్మలో మమ్మల్ని వెతుక్కున్నాం. మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మరీ వెతికింది. చివరికి ఓ మూల, చెట్టు వెనక, సగం కనిపిస్తున్న బట్టతల ఒకటి కనిపించింది. "ఇదిగోనండీ, మీరు!" అంది సంబరంగా. దగ్గరికెళ్లి చూస్తే చెత్తడబ్బా మూత.

సరే, అసలు విషయానికొస్తాను.

పూర్వం ప్రభుత్వాలు మొరటువి. రోడ్డు వేయాలంటే వచ్చేవాళ్లు, గీత గీసేవాళ్లు, పడగొట్టేవాళ్లు. మనుషుల్ని పన్నెత్తి పలకరించేవాళ్లు కాదు. ఇప్పుడు అలా కాదండీ. నాగరికత పెరిగింది. ఇప్పుడు అడుగుతారు! స్టేషన్ చుట్టూ పేటను కొత్తగా తీర్చిదిద్దాలట, అందుకని మా అభిప్రాయాలు కావాలట. స్కూలు హాల్లో మీటింగ్ పెట్టారు. టీ, బిస్కట్లు, ఏసీ. బిస్కట్లలో కూడా క్రీమున్నవి.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీళ్లు చూడండి, వాళ్లంతట వాళ్లే వచ్చి "మీకేం కావాలండీ?" అని అడుగుతుంటే మా కళ్లు చెమర్చాయి.

ఆ అడిగే ఉద్యోగం చేసేది ఓ ప్లానింగ్ అమ్మాయి. బంగారం లాంటి పిల్ల. ఎంత మర్యాద! తిట్టడానికి నోరు తెరిస్తే "చెప్పండి సార్" అని నోట్‌బుక్ తీసి శ్రద్ధగా మన మొహంలోకే చూస్తుంది. ఇక ఏం తిడతాం? తిట్టును మింగేసి బిస్కట్ అడిగేవాళ్లం.

ఆ అమ్మాయి గోడకు మా పేట మ్యాపు తగిలించింది. మనిషికో స్టిక్కర్ల షీటు ఇచ్చింది. ఆకుపచ్చ చుక్కలు, ఎర్ర చుక్కలు. "మీ పేటలో మీకు బాగా నచ్చిన చోట ఆకుపచ్చ చుక్క అంటించండి. నచ్చని చోట ఎర్ర చుక్క. అంతే!"

మా పళ్ల డాక్టరు చరచరా వెళ్లి తన దగ్గరున్న ఎర్ర చుక్కలన్నీ గొయ్యి మీద అంటించి వచ్చాడు. ఆ అమ్మాయి నవ్వుతూ వాటిని గోటితో పీకేసింది. "సారీ సార్, అది ఆల్రెడీ డిసైడైపోయింది. అక్కడ అంటించకూడదు. మిగతా ఎక్కడైనా మీ ఇష్టం!"

ఇదీ ప్రజాస్వామ్యమంటే.

ఇక్కడ మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటు గురించి చెప్పాలి. ఆయన బుర్ర పాదరసం. ఆ పాదరసం ఎటు జారుతుందో ఆయనకే తెలియదు, అది వేరే సంగతి. ఆయన మమ్మల్నందర్నీ హాలు వెనక్కి పిలిచి గొంతు తగ్గించాడు.

"చూడండి మాస్టారూ, మన పేటలో స్టేషన్ ద్వారం ఎక్కడో ఒకచోట రావాలి. వచ్చిన చోట ఏదో ఒకటి పోవాలి. మన చుక్కలు తలోచోట పడ్డాయనుకోండి, దేన్నయినా పీకేస్తారు. అదే అన్నీ ఒకేచోట పడ్డాయనుకోండి? ఇది ఈ పేటకు ప్రాణం, దీన్ని ముట్టుకోకూడదు అని వాళ్లకు అర్థమవుతుంది. అవునా, కాదా?"

అవునన్నాం. మరి ఆ ఒకేచోటు ఏది? ఎవరూ ఆలోచించనక్కర్లేకపోయింది.

మా వీధి మలుపులో మా అక్క కుట్టు దుకాణం ఉంది. మా అక్క అంటే నా తోడబుట్టిన అక్క, కానీ పేట మొత్తానికీ ఆవిడ అక్కే. ఆవిడ కన్నా పదేళ్లు పెద్దవాళ్లు కూడా "అక్కా, ఈ జిప్పు పడటం లేదు చూడు" అంటూ వస్తారు. పొడుగైన ప్యాంట్లు పొట్టి చేయడం, బిగుతైన చొక్కాలు వదులు చేయడం, స్కూలు యూనిఫారాలకు వచ్చే ఏడాదికి సరిపడా మడత ఉంచి కుట్టడం ఆవిడ పని. అసలు పని మాత్రం అది కాదు. ఊరెళ్లేవాళ్లు ఇంటి తాళం ఇచ్చేది అక్కకు. కొరియర్ పార్శిళ్లు దిగేది అక్క దగ్గర. స్కూలు బస్సు దిగిన పిల్లలు అమ్మానాన్నలొచ్చే దాకా కూర్చునేది అక్క కొట్టు ముందున్న బల్ల మీద. ఎవరింట్లో ఎవరికి మాటల్లేవో అక్కకు తెలుసు. ఎవరింట్లో గొడవైనా ఆడవాళ్లో మగవాళ్లో ఆ బల్ల మీదికొచ్చి కూర్చుని, ఊడని బొత్తాన్ని కుట్టించుకుని, కాస్త చల్లబడి ఇంటికెళ్లేవారు.

అమ్మ పోయాక నా చొక్కాలకు బొత్తాలు కుట్టి స్కూలుకు పంపింది ఆవిడే. అందుకని నేను పక్షపాతంతో చెబుతున్నాననుకునేరు! కాదండోయ్. చుక్కలు చూడండి. మ్యాపులో మా మలుపు మీద చుక్క పక్కన చుక్క, చుక్క మీద చుక్క, చోటు చాలక అంచుల మీద చుక్క. ఆకుపచ్చ పుట్టలా లేచింది. అంటించినవాళ్లమంతా ఒకరి మొహం ఒకరం చూసుకుని, పరీక్షలో ఫస్టు క్లాసు వచ్చినట్టు ఇళ్లకెళ్లాం.

అక్క ఆ రోజు మీటింగుకు రాలేదు. యూనిఫారాల సీజను. విషయం చెబితే మిషను ఆపి, కళ్లజోడు పైకి తోసుకుని, "ఒక్కరు కూడా వేరే చోట పెట్టలేదట్రా?" అని అడిగింది. మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. కానీ ఆ రోజంతా కూనిరాగం తీస్తూనే ఉంది.

కొన్నాళ్లకు మళ్లీ పిలిచారు. ఈసారి థర్మకోల్‌తో చేసిన పేట నమూనా తెచ్చి హాలు మధ్యలో పెట్టారు. ముద్దుగా ఉంది. అందరం చుట్టూ మూగాం. మలుపు దగ్గర చూస్తే అక్క కొట్టు లేదు. దాని చోట ఓ గాజు గుమ్మం, అందులోంచి పాతాళానికి దిగుతున్న ఎస్కలేటరు.

"ఇదేంటమ్మా, ఇక్కడ కుట్టు కొట్టు ఉండాలి కదా?" అన్నాడు ప్రెసిడెంటు.

"అవును సార్, అక్కడే!" ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. "మీ అందరికీ బాగా ఇష్టమైన చోటు అదే. డేటాలో ఎంత క్లియర్‌గా వచ్చిందో! ఇంత ఐకమత్యంగా చెప్పిన పేటను నేను ఇంతవరకు చూడలేదు సార్."

"ఇష్టమంటే... ఉంచమని కదమ్మా అర్థం?"

"జనం ఎక్కడికి రావడానికి ఇష్టపడతారో అక్కడే కదా సార్ మెయిన్ ఎంట్రన్స్ పెట్టాలి? ఎవరికీ ఇష్టం లేని చోట పెడితే ఎవరొస్తారు?"

అంతకుముందు అనుకున్న ద్వారం వీధి అవతల ఉన్న పాడుబడ్డ గోడౌన్ దగ్గరట. దాని మీద ఒక్క ఆకుపచ్చ చుక్క కూడా పడలేదు కాబట్టి జనాదరణ లేదని దాన్ని వదిలేశారట! గోడౌన్‌ను ఎవడు ప్రేమిస్తాడండీ? ఎలుకలు ప్రేమిస్తాయి, వాటిని మీటింగుకు పిలవలేదు. మొత్తానికి ఎవరికీ పట్టని ఆ గోడౌన్ ఇవాళ్టికీ నిక్షేపంలా ఉంది.

మా ఆవిడ నా చెవిలో అంది: "ఏవండీ, మనం వదిన కొట్టుకు చుక్క పెట్టామా, గురి పెట్టామా?"

అభ్యంతరం చెప్పాం. కచ్చితంగా చెప్పాం. మేమేం తక్కువ తిన్నామా? ఆ అమ్మాయి ఎంతో సానుభూతితో విని, "మీ అభ్యంతరం చాలా విలువైనది సార్" అంది. అది నిజంగా అంత రద్దీగా ఉండే చోటేనా కాదా అని మళ్లీ అధ్యయనం చేయిస్తామంది. చూశారా, ఎంత వినయం! అడగడమే కాదు, అడిగింది సరిగ్గా అడిగామా అని కూడా అడుగుతారు.

అధ్యయనం అంటే ఓ పెద్దాయన. మడత కుర్చీ వేసుకుని అక్క కొట్టుకు ఎదురుగా కూర్చున్నాడు. చేతిలో నొక్కితే టిక్కుమనే చిన్న మిషను. కొట్టులోకి మనిషి వెళ్తే ఒక టిక్కు, బల్ల మీద కూర్చుంటే ఒక టిక్కు. మేమాయనకు టిక్కుటిక్కు గారని పేరు పెట్టుకున్నాం.

ప్రెసిడెంటు పాదరసం మళ్లీ జారింది.

"మాస్టారూ, ఇది సింపుల్. మనకు ఇష్టమని చెప్పాం కాబట్టి ద్వారం అక్కడికొచ్చింది. అసలక్కడికి ఎవరూ రావడం లేదని తేలిందనుకోండి, ద్వారం మళ్లీ గోడౌన్‌కు పోతుంది. ఆయన లెక్క పూర్తయ్యే దాకా అక్క కొట్టు గడప ఎవరూ తొక్కకూడదు. అక్కకు చెప్పకూడదు కూడా."

అక్కకెందుకు చెప్పకూడదు? ఎందుకంటే అక్కకు అబద్ధం ఆడటం రాదు. టిక్కుటిక్కు గారు పొరపాటున పలకరిస్తే "అవునయ్యా, వీళ్లంతా కావాలనే రావడం లేదు" అని ఉన్నదున్నట్టు చెప్పి, పైగా ఆయన కోటు చేతికి ఊడిన కుట్టు వేసి మరీ పంపుతుంది. ఇక మా వ్యూహం గతేంటి?

అప్పుడు చూడాలండీ మా పేట క్రమశిక్షణ! ఎలక్ట్రీషియన్ నడుము వదులైన ప్యాంటుకు కరెంటు వైరు చుట్టుకుని తిరిగాడు. పళ్ల డాక్టరు తెల్లకోటు జేబు ఊడి వేలాడుతుంటే, దానికి రోగుల నోట్లో వాడే క్లిప్పేదో పెట్టుకున్నాడు. పక్కింటి టీచరమ్మ జిప్పు పోయిన హ్యాండ్‌బ్యాగును చంటిబిడ్డలా రెండు చేతులా పొదివి పట్టుకుని స్కూలుకెళ్లింది. పిల్లల్ని బల్ల మీద కూర్చోవద్దని గదిమాం. పార్శిళ్లు ఆఫీసులకు తెప్పించుకున్నాం. మలుపు దగ్గరికొచ్చేసరికి అందరికీ ఎక్కడ లేని తొందర. ఫోను చెవికి పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా "ఆ, ఆ, వస్తున్నా" అంటూ పరుగు. టిక్కుటిక్కు గారికి పనిలేక కునుకు పట్టేది. ఆయన తల వాలినప్పుడల్లా మేం కిటికీల్లోంచి చూసి చేతులు కలుపుకునేవాళ్లం.

ఇంతకన్నా ప్రేమగా ఒక మనిషిని కాపాడిన పేట ప్రపంచంలో మరొకటుంటే చూపించండి!

ఓ సాయంత్రం నేనూ అలాగే ఫోను చెవికి పెట్టుకుని దూసుకుపోతున్నాను.

"ఆగరా" అంది అక్క.

మిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఆవిడ చేతిలో పనేమీ లేదు. మా అక్కను చేతిలో పని లేకుండా అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. మొహం కొత్తగా ఉంది. కాసేపటికి గానీ తెలియలేదు, కళ్లజోడు కొత్తది.

"ఏరా, నా కుట్టు పాడైందా?"

"అదేం లేదక్కా..."

"నాకు తెలుసులే. చూపు తగ్గింది. టీచరమ్మ పాప గౌనుకు అంచు వంకర పోయి ఉంటుంది, ఆవిడ మొహమాటానికి చెప్పలేదు. అక్కణ్నుంచే మొదలైంది. అందుకే నిన్న వెళ్లి అద్దాలు మార్పించుకొచ్చాను. ఇప్పుడు సూది బెజ్జం కూడా బాగా కనబడుతోంది. నలుగురికీ కాస్త చెప్పరా. బాగోలేకపోతే మొహం మీద అనొచ్చు కదా, ఇన్నేళ్ల నుంచి తెలిసినవాళ్లు. ఇలా తల తిప్పుకుపోవాలా?"

ఇక్కడ ఓ చమత్కారం వేసి ముందుకు పోదామనుకున్నాను. రాలేదు. సిగ్గేసింది. ప్రెసిడెంటు వ్యూహం గంగలో కలిస్తే కలిసిందని బల్ల మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. చెబుతుంటే ఎదురుగా టిక్కుమంది.

అక్క అంతా విన్నది. ఆ తర్వాత చెంప పగలగొట్టినట్టు తిట్టడం మొదలుపెట్టింది.

"మీకేమైనా మతి ఉందట్రా? నా కొట్టు నిలబెట్టడానికి నా కొట్టుకే రావడం మానేశారా? దీపం ఆరిపోతుందేమోనని నూనె పోయడం ఆపేసినట్టుంది మీ తెలివి! నేనేమో రోజూ అద్దంలో నా మొహం చూసుకుని, ఎవర్నేమన్నానా అని ఏడుస్తున్నాను..."

తిట్టి తిట్టి అలిసిపోయి, హఠాత్తుగా నవ్వేసింది. "ఆ ఎలక్ట్రీషియన్ వైరు చుట్టుకుని తిరగడం దీనికేనా? షాక్ కొట్టి చస్తాడేమోనని భయపడ్డాన్రా" అంది.

కళ్లజోడు తుడుచుకుంటూ, "ఒరేయ్, నాకు రైలు కావాల్రా" అంది. "నా కూతురు రోజూ రెండు బస్సులు మారి, నిలబడి నిలబడి ఇంటికొస్తోంది. వచ్చి చెప్పులు విప్పకుండానే మంచం మీద పడుతుంది. రైలొస్తే దానికి సుఖం. నేను వద్దనలేదు ఎప్పుడూ. ఆ ద్వారమేదో గోడౌన్ దగ్గర పెడితే రైలు అలిగి రానంటుందా?"

మర్నాడు పేట పేటంతా చినిగినవీ, ఊడినవీ, చినగనివీ అన్నీ పట్టుకుని అక్క కొట్టు ముందు బారులు తీరింది. ఎలక్ట్రీషియన్‌కైతే వరస తోసుకుని ముందుకెళ్లే హక్కు ఏకగ్రీవంగా ఇచ్చాం. కానీ ఎదురుగా మడత కుర్చీ లేదు. టిక్కుటిక్కు గారి లెక్క ముందురోజు సాయంత్రమే పూర్తయిందట. చివరి టిక్కు నాదే!

నివేదిక వచ్చింది. భాష ఎంత బాగుందో! "సదరు దుకాణానికి స్థానికుల రాకపోకలు నామమాత్రం. తొలగింపు వల్ల ప్రజలకు కలిగే అసౌకర్యం లేనట్టే."

హమ్మయ్య, దొరికారనుకున్నాం. మొదటి నివేదికేమో జనమంతా ఇక్కడికే రావాలనుకుంటున్నారంది. రెండోదేమో ఎవరూ రావడం లేదంది. ఒకదానికొకటి చుక్కెదురు కదా! రెండూ పట్టుకుని ప్లానింగ్ అమ్మాయి దగ్గరికి పరుగెత్తాం.

ఆ అమ్మాయి రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. "లేదు సార్, ఒకదాన్నొకటి సపోర్ట్ చేస్తున్నాయి. చోటు అందరికీ ఇష్టం. కొట్టు ఎవరికీ అక్కర్లేదు."

ఏమంటారు దీనికి? బిస్కట్లు తీసుకోండి సార్ అంది. ఈసారి ఎవరూ తీసుకోలేదు.

అక్కకు అన్యాయమేమీ జరగలేదు లెండి. స్టేషన్ తెరిచాక లోపల షాపుల కోసం అందరితో పాటు ఆవిడ కూడా అప్లికేషన్ పెట్టుకోవచ్చట. కాఫీ కంపెనీలతో, సెల్‌ఫోన్ కంపెనీలతో సమానావకాశం! అందాకా బైపాస్ అవతల తెలిసినవాళ్ల కారు షెడ్డులో మిషను పెట్టుకుంటుంది. అక్కడ ఆవిణ్ని అక్కా అని పిలిచేవాళ్లు ఇంకా ఎవరూ లేరు. కూతురికి ఇక మూడు బస్సులు.

ఇక మా పేట సంగతి. పళ్ల డాక్టరుకూ ప్రెసిడెంటుకూ మాటల్లేవు. "చుక్కల ఐడియా మీదే" అని ఈయన, "ఉన్న ఆకుపచ్చ చుక్కలన్నీ అంటించింది మీరే" అని ఆయన. మొట్టమొదటి చుక్క టీచరమ్మ అంటించిందని మా ఆవిడ, కాదు మా ఆవిడే అంటించిందని టీచరమ్మ. నేను తమ్ముణ్ని కాబట్టి నా చుక్కకు విలువెక్కువని, పాపం కూడా ఎక్కువని ఎలక్ట్రీషియన్ తేల్చాడు. తిలాపాపం తలా పిడికెడు అన్నారు పెద్దలు. మాకు తలా ఒక చుక్క. పూర్వం ఇలాంటి గొడవలొస్తే వెళ్లి కూర్చోవడానికో బల్ల ఉండేది.

రేకుల గోడ మీద మాత్రం కొత్త బోర్డు పెట్టారు: "ఈ ద్వారం ప్రజల ఎంపిక!"

మొన్న మళ్లీ పిలిచారు. మూడో దశ అట. అదే హాలు, అదే మర్యాద. ఆ అమ్మాయి చుక్కల షీట్లు పంచుతూ, "మీ పేటలో ఇంకా మీకు ఇష్టమైనవి ఏమున్నాయి సార్?" అని అడిగింది.

హాలు హాలంతా బిగుసుకుపోయింది. "ఏమీ లేవమ్మా" అన్నాడు ప్రెసిడెంటు. "ఏమీ లేవు, ఏమీ లేవు" అన్నాం అందరం. టీచరమ్మ కిటికీలోంచి స్కూలు ఆవరణలో ఉన్న పెద్ద చెట్టుకేసి ఒక్కసారి చూసి, ఎవరైనా కనిపెట్టారేమోనని చటుక్కున చూపు తిప్పేసుకుంది.

అయ్యా, ప్రాజెక్టు వారూ! గొయ్యి గురించి నాకు ఫిర్యాదు లేదు. ఇంకో పదేళ్లు తవ్వుకోండి. మా మామగారి విషయంలో మీకు జన్మజన్మలకు రుణపడి ఉంటాను. రైలు కూడా వేయండి, మేమే ఎక్కుతాం. ఒక్కటే మనవి. దయచేసి ఇక మమ్మల్ని ఏదీ అడక్కండి. వెనకటి మొరటు ప్రభుత్వాల్లాగా వచ్చి, గీత గీసి, పడగొట్టుకుపోండి. అడక్కుండా పడగొట్టి ఉంటే మేమంతా అక్క పక్కన నిలబడి గొంతు పగిలేలా మిమ్మల్ని తిట్టి ఉండేవాళ్లం. ఆ పాటి పౌరుషం మాకుంది. మీరు అడిగి పడగొట్టారు. తిట్టడానికి మీరు మిగల్లేదు, మేమే మిగిలాం.

నిన్న అక్క మిషను బండికెక్కించాం. నేనూ, బండి అతనూ చెరోవైపు పట్టుకున్నాం. బరువైన పాత మిషను, ఇంకో ఇద్దరుంటే బాగుండేది.

"మిగతావాళ్లేర్రా? ఒక్కరూ కనబడరేం?" అంది అక్క, వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూస్తూ.

"పనుల మీద వెళ్లినట్టున్నారక్కా" అన్నాను.

ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు. అన్ని ఇళ్లలోనూ కిటికీ కర్టెన్లు కొంచెం పక్కకు జరిగి ఉన్నాయి, వెనక మనుషులున్నారు. ఆ కర్టెన్లన్నీ అక్క కుట్టినవే.